జోగయ్య అందుకున్న కూత

మా ఊళ్ళో జోగయ్యంత కబడ్డీ పిచ్చోడు ఇంకొకడు లేడు. భోగాపురం పక్క, సముద్రం మీద బతికే ఊరు మాది. మా జట్టు ఆట ఉందంటే ఆయన వేట మానేసి గీత పక్కన నిలబడాల్సిందే. ఈ ఏడాది వరసగా ఆరు ఆటలు ఓడాం. ఓడిన ప్రతిసారీ ఆయన తిండి మానేశాడు గానీ తిట్టడం మానలేదు.

తిట్లన్నీ కోచ్ నూకయ్యకే. నూకయ్య ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. అతనిది మరీ జాగ్రత్త ఆట. కూతకెళ్ళినవాడు ఎవర్నీ ముట్టకపోయినా ఫరవాలేదు, క్షేమంగా తిరిగొస్తే చాలంటాడు. చూసేవాళ్ళకి ఒళ్ళు మండదూ! జోగయ్య ఊరి పెద్దల దగ్గర గొడవ పెట్టాడు. రాజాంలో ఏడో ఆట కూడా పోతే నూకయ్య తప్పుకోవాలి, జట్టును జోగయ్య చూసుకోవాలి అని పెద్దలు తేల్చేశారు. మా ఊళ్ళో పెద్దల మాటకి తిరుగులేదు. నూకయ్యకేమో పదేళ్ళుగా ఆ జట్టే లోకం.

రాజాంలో చివరి నిమిషానికి ఒక్క పాయింటు వెనకున్నాం. మిగిలింది ఒకే కూత.

"ఒరే నూకా! లచ్చుముడ్ని పంపరా! ఆడు బెంచీ మీద కూకుంటే పాయింట్లు ఆకాసం నుంచి రాల్తాయేటి?" అని జోగయ్య అరిచాడు.

నూకయ్య ఈసారి బెంచీ మీదున్న మా దూకుడు కుర్రాడు లక్ష్ముణ్ణి లేపాడు. "లోపలికెల్లిపో. ఇద్దర్ని ముట్టి రా," అన్నాడు. ఏడాదిగా జోగయ్య వినాలనుకున్న మాట అదే.

లక్ష్ముడు చొరబడ్డాడు. ఒకడి భుజం తట్టాడు, ఇంకొకడి మోకాలు తాకాడు. అంతలో నలుగురు మీద పడ్డారు. గీత వైపు పాకుతున్నాడు, కూత సన్నబడుతోంది.

మాకొక అలవాటుంది. వల లాగేటప్పుడు ఒకడి ఊపిరి తగ్గితే పక్కవాడు పాట అందుకుంటాడు. జోగయ్యకి తాను ఒడ్డున లేనన్న సంగతి గుర్తు లేదు. "కబడ్డీ! కబడ్డీ!" అని గ్రౌండు అదిరేలా అందుకున్నాడు.

లక్ష్ముడి చెయ్యి గీత దాటింది. మేం ఎగిరి గంతేశాం. రిఫరీ మాత్రం విజిల్ ఊదాడు.

"ఆటగాడి కూత నాకు వినపడలేదు. బయట ఆయనదే వినపడింది. అవుట్."

"నాను ఆపనేదు బాబూ! ఊపిరి తెగనేదు!" అని లక్ష్ముడు మొత్తుకున్నాడు. రిఫరీ వినలేదు. ఏడో ఆటా పోయింది.

జోగయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంత సిగ్గు నేనెవరి మొహంలోనూ చూడలేదు. బామ్మర్ది దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"నన్ను కొట్టరా నూకా. ఓడగొట్టింది నానే. పెద్దలకి నాను సెప్తాను, జట్టు నీదే."

నూకయ్య లక్ష్ముడి చీరుకుపోయిన మోకాలు కడుగుతున్నాడు. తలెత్తితే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దల మాట దాటగలవేటి బావా? రేపట్నుంచి నువ్వే. ఆళ్ళు ఆడతంటే నోరు మూసుకుని సూడ్డం సానా కష్టం. అలవాటు సేసుకో," అని నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టి బస్సు వైపు వెళ్ళిపోయాడు.