హీరోయిన్ బండి తోలదు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. అందులో సగం తప్పే నాది, మిగతా సగం ఉద్యోగానిది. పోర్టులో లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర గుమస్తాగా చేరి ఇన్నేళ్ళయింది. ఒక్క కిలో అటూ ఇటూ రాశానా, నా పని అయిపోయినట్టే. పగలంతా అంత నిజాయితీగా కూర్చున్న మనిషికి సాయంత్రమయ్యేసరికి నోరు కాస్త వదులవుతుంది. కాబట్టి నేను గంపెడంటే మీరు గుప్పెడనుకోండి. సరుకు మాత్రం అసలుదే. ఒక్కచోట తప్ప. అదెక్కడో చివర్లో చెప్తాను.

మా పెళ్ళి ఎనభైల చివర్లో జరిగింది. అప్పటికి మా వైపు పురోహితుడు రాకపోయినా సర్దుకునేవారేమో గానీ వీడియో లేకపోతే ఆ పెళ్ళి చెల్లేది కాదు. తాళి కట్టడం, తలంబ్రాలు పోసుకోవడం ఎవడిక్కావాలి? కేసెట్లో పాట ఉండాలి. పెళ్ళయిన మూడోరోజునో నాలుగోరోజునో కొత్త జంటను బీచికి తోలుకెళ్ళి, సినిమా డ్యూయెట్లోలాగా ఇసకలో పరిగెత్తించి, దానిమీద నిజం సినిమా పాట అతికించేవారు. కేసెట్ వేసినప్పుడు తాళి కట్టే ఘట్టానికి జనం లేచి మంచినీళ్ళకెళ్ళేవారు. పాట మొదలైందంటే మాత్రం పొయ్యిమీద అన్నం మాడినా కదిలేవారు కాదు.

మాది పద్మనాభం వైపు పల్లె. ఆ మోజు మా ఊరికి ఆఖర్న చేరింది, ఊళ్ళో మా ఇంటిదే మొదటి పెళ్ళి పాట. మా అమ్మ వరినాట్లలో వంగి నాటుతూనే నెలరోజులపాటు ఊరంతటికీ చాటింపు వేసింది. నాకైతే ఒకటే ఆజ్ఞ.

"ఒరే, పాట సినిమాలో వొచ్చినట్టే రావాల. ఊరంతా సూత్తది."

పెళ్ళికూతురు మా మేనమామ కూతురు. మద్దిలపాలెంలో టైపు నేర్పేది. వాళ్ళ నాన్నకు చూపు మందగించాక ఆయన పాత స్కూటరు తనే నడిపేది. మనిషి నలుపు. ఎన్ని కోతలు కోసినా ఆ రంగు దగ్గర కొయ్యను, నేరేడుపండు రంగు, అంతే. నాతో కుదరకముందు ఆమెకు వేరే సంబంధాలు చూశారు. ఫోటో స్టూడియో ఆయన కుంచె పట్టుకుని ఆమె ఫోటోను దిద్ది దిద్ది సున్నం కొట్టిన గోడను చేశాడు. పెళ్ళివారు ఆ ఫోటో పట్టుకుని వచ్చేవారు, మనిషిని చూసేవారు, ఉప్మా తినేసి వెళ్ళిపోయేవారు. అలా వచ్చి వెళ్ళినవాళ్ళ వల్ల ఆ వీధిలో రెండేళ్ళపాటు బొంబాయి రవ్వ దొరకలేదు.

అందుకే నిశ్చితార్థం నాడు పెరట్లోకి పిలిచి ఒక్కటే అడిగింది.

"బావా, నాకు సీరలొద్దు, నగలొద్దు. కేసెట్లో నానే ఉండాల. ఆ ఫోటోలో తెల్లపిల్ల, ఆ గుంట, ఉండకూడదు. నా మొకంతో, నా బండి మీద నానే ఉండాల."

"నానుండగా నీ మొకమ్మీద పౌడరు రేణువు పడదు!" అన్నాను ఛాతీ విరిచి. పెళ్ళికి ముందు మగవాడు ఇవ్వని మాటంటూ ఉండదు కదా.

ఇక కెమెరా ఆయన. ఆటోనగర్‌లో లారీ బ్యాటరీలు చార్జింగ్ పెట్టే షెడ్డు ఆయనది. వీడియో పక్క వ్యాపారం. భుజానికి గుమ్మటమంత కెమెరా, వెనక ఓ ఆటోలో లారీ బ్యాటరీ, దానికి తగిలించిన లైటు. ఆ లైటు వేస్తే పగలే చుక్కలు కనిపించేవి, సముద్రంలో చేపలు తెల్లారిందనుకుని లేచేవి. ఆయన చూడని సినిమా పాట లేదు. చూసిన పాటలన్నిటినీ వడగట్టి ఓ శాస్త్రం రాసుకున్నాడు.

"ఇనండి బాబూ," అన్నాడు బీచిలో దిగగానే. "హీరోయిన్ తెల్లగుండాల. సిగ్గుపడాల. పరిగెట్టాల, గానీ హీరోకన్నా మెల్లగా పరిగెట్టాల. హీరో నల్లకళ్ళజోడు పెట్టి బండికి ఆనుకోవాల. ఇద్దరూ కాలేజీ గుంటల్లాగ ఉండాల."

కాలేజీ గుంటలు! నాకప్పటికి ముప్ఫై ఒకటి. నడినెత్తిన అరచేయంత మైదానం. ఆయన ఓ నల్ల పెన్సిలు తీసి ఆ మైదానంలో ఒక్కొక్క వెంట్రుకా గీశాడు. నాలుగువందల వెంట్రుకలు. నా చూపుడువేలి మీద ఓ నోటుపుస్తకం నిలబెట్టి, తిప్పుతూ నడవమన్నాడు. టైపు నేర్పే మనిషి చేతికి రెండు పుస్తకాలిచ్చి గుండెకు హత్తుకోమన్నాడు.

"ఇవేటి పుస్తకాలు?" అంది ఆమె.

"ఏవైతే ఏటమ్మా, సదూతావా ఏటి? అత్తుకో."

తర్వాత పౌడరు డబ్బా తీశాడు. డబ్బా కాదది, సిమెంటు బస్తా. సరిగ్గా అప్పుడే మాకు పదడుగుల దూరంలో ఓడ దిగి వచ్చిన తెల్ల నావికుడొకడు చొక్కా విప్పి ఇసకలో వెల్లకిలా పడుకున్నాడు. నల్లబడదామని ఎండలో వేగుతున్నాడు పాపం.

"సూడండి, రంగంటే అదీ!" అన్నాడు కెమెరా ఆయన.

"ఆయనకి ఆ రంగు నచ్చలేదు గావాల, మాడ్సుకుంతన్నాడు," అంది ఆమె.

"నీకు తెల్దమ్మా. పౌడరెయ్యకపోతే నా లైటుకి నువ్వు అవుపడవు. పళ్ళే అవుపడతాయి. బండి పక్కన నిలబడు, ఆయన్ని తోలమను."

"ఆయనకి బండి రాదు. నాను తోల్తాను."

కెమెరా ఆయన కెమెరా దించేశాడు. "హీరోయిన్ బండి తోల్డమేటమ్మా? ఎనకాల కూకోవాల, సిగ్గుపడాల. ఏ పాటలో సూసినావు నువ్వు?"

ఆమె ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

అప్పుడు లేచానండీ నేను. "ఆపవయ్యా! ఆ పిల్ల మొహం ఎలా ఉందో అలాగే తియ్యి. బండి ఆమే తోలుతుంది, నేను వెనక కూర్చుంటాను!" అని ఉరిమాను. ఆ ఉరుముకి బయట లంగరు వేసి ఉన్న ఓడలు మూడు హారన్ కొట్టాయి. కెమెరా ఆయన జడిసిపోయి, తీసిన పౌడరు వృథా పోకూడదని దాన్ని నా మొహానికే పూసి, నోరు మూసుకుని తీశాడు. ఆమె కిక్కు కొట్టింది, నేను వెనకెక్కాను. ఆమె కొంగు నా మొహమ్మీద కొట్టుకుంటూంటే, నోటుపుస్తకం ఎటో ఎగిరిపోతే, రెండు చేతులా సీటు పట్టుకుని బీచి రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళాను. అదీ మా పాట.

కేసెట్ వచ్చింది. ఊళ్ళో వీధి మధ్య అద్దె టీవీ పెట్టారు. పదివేలమంది వచ్చారు. (మా ఊరి జనాభా ఎనిమిది వందలు.) మా ఆవిడ వెనక గోడ నీడలో, టీవీ వైపు కాకుండా మా అమ్మ వైపు చూస్తూ నిలబడింది. ఆమె కొంగు చివర ముడి వేసి విప్పడం, వేసి విప్పడం నాకు కనిపిస్తూనే ఉంది. పాట మొదలైంది. బండి వచ్చింది. 

"ఓలమ్మ, బండి గుంట తోల్తందేటి!" అంది ఎదురింటి పెద్దమ్మ. "హీరో ఎనకాల కూకున్నాడేటే?"

"మేకపిల్లలాగ కూకున్నాడు," అన్నాడెవరో. "ఆడి మొకాన ఆ సున్నమేటి?"

అందరూ మా అమ్మ వైపు తిరిగారు. నెలంతా చాటింపు వేసింది ఆవిడే కదా. మా అమ్మ తెరకు జానెడు దూరం దాకా జరిగి, కోడలి మొహాన్ని వేలితో తడిమి చూసింది.

"ఆ స్టూడియో ఫోటో తెచ్చినపుడు, ఇది మా అన్న కూతురేనేటని అడిగినాను," అంది. "ఇది మా అన్న కూతురే. తోల్తది, తోలితే మరేటి? మళ్ళీ ఎయ్యండ్రా."

ఆ పాట పదకొండుసార్లు వేశారు. మీరు మూడనుకోండి. గోడ దగ్గర కొంగు ముడి విప్పి ఉంది, మళ్ళీ పడలేదు.

కెమెరా ఆయన సంగతి వేరు. పాట చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. "ఆ బండి పాట మాకూ కావాల" అని జనం షెడ్డు దగ్గర కూర్చున్నారు. దాంతో ఆయన శాస్త్రం మార్చేశాడు. ఇక ప్రతి పెళ్ళికూతురూ బండెక్కాల్సిందే. బండి రాని పిల్లల్ని కూడా ఎక్కించి, కెమెరాకి కనపడకుండా ఇద్దరు వెనక నుంచి తోసేవారు. ఓ పిల్ల "నాను నడిసొత్తానండీ, బండంటే బయం" అని బతిమాలితే, "హీరోయిన్ నడవదమ్మా, బండి తోల్తది. ఏ పాటలో సూసినావు నువ్వు?" అని కసిరాడట.

ఇప్పుడు అబద్ధం సంగతి. సిమెంటు బస్తా, చేపలు, పదివేలమంది వట్టి తూకంలో తేడాలే. నా ఉరుము మాత్రం పూర్తిగా కల్పన.

ఆమె నన్ను చూసినప్పుడు నేను అన్నది వేరు. "ఈ ఒక్కసారికీ పౌడరు రాయించీసుకో, అమ్మ ఊరంతా సెప్పీసింది," అన్నాను మెల్లగా, సముద్రం వైపు చూస్తూ. ఆమె కెమెరా ఆయన చేతిలోంచి పౌడరు కుచ్చు లాక్కుని వచ్చి, నా రెండు చెంపలకూ నుదుటికీ తీరిగ్గా అద్దింది. బండెక్కి కిక్కు కొట్టి, "ఎక్కుతావా బావా, నడిసొత్తావా?" అంది. ఎక్కాను.

ఆ సంగతి ఆమె మా అమ్మకు గానీ ఊరికి గానీ ఏనాడూ చెప్పలేదు. ఊళ్ళో ఇప్పటికీ నన్ను ధైర్యస్థుడనే అనుకుంటారు. కేసెట్‌కి కాస్త బూజు పట్టింది గానీ ఆ పాట ఇంకా ఆడుతుంది. అందులో ముందు ఆమె ఉంటుంది, ఆమెలాగే. వెనక నేనుంటాను, చూడముచ్చటగా, తెల్లగా.