ఒక రూపాయి చెల్లు

తమ్ముడు మందుల డిగ్రీ చదవడానికి విశాఖపట్నం పోయినప్పుడు రాజధాని కర్నూలు. చదివి వచ్చేసరికి హైదరాబాదు అయింది. ఈ మధ్యలో ప్రొద్దుటూరు పత్తి షావుకారు దగ్గర మా అప్పు మూడువేలకు చేరింది. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. పాత కాగితాలన్నీ చించి కొత్త ప్రామిసరీ నోటు రాసిన రోజు తమ్ముడు ఇంగ్లీషులో సంతకం చేశాడు, పక్కన నేను వేలు వేశాను. మా ఇద్దరికీ ఉన్నది జమ్మలమడుగు పక్కన మూడెకరాల నల్లరేగడి. దున్నేది నేను.

డిగ్రీ అంటే డాక్టరే అనుకున్నాను. పులివెందులలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. సీసాల్లో మందు కలిపి, చీటీ అంటించి ఇవ్వడం పని. జీతం తొంభై అయిదు. అదే పని ఏ డిగ్రీ లేకుండా చేస్తున్న ముసలి కంపౌండరుకు ఎనభై. అంత చదువూ అంత అప్పూ కలిసి నెలకు పదిహేను రూపాయలు తెచ్చాయి. నూటికి రూపాయిన్నర చొప్పున వడ్డీకే నలభై అయిదు పోయేది. గదికీ తిండికీ నలభై. మిగిలే పదితో అసలు తీరాలంటే పాతికేళ్లు. ఈ లెక్క వేయడానికి అక్షరాలు అక్కర్లేదు. చదివించక ముందే వేయాల్సింది, వేయలేదు.

వడ్డీ అంగడికి పోయి ఇచ్చేవాళ్లం. షావుకారు తన పుస్తకంలో రాసుకునేవాడు. నోటు బయటికి తీసేవాడు కాదు. మా పక్కింటి దర్జీ సాయిబు కోర్టుల చుట్టూ తిరిగి అరిగినవాడు. ఆయన ఒకరోజు అడిగాడు.

"నోటు రాసి ఎన్నాళ్లాయ మామా?"

"మూడేండ్లు కావస్తాంది."

"దాటనీ. కోర్టులో దాని ప్రాణం పోతాది. ఆ పైన దాంట్లో బొరుగులు పొట్లం కట్టుకోవచ్చు."

ఎగ్గొట్టాలనే అనుకున్నాను. దాచడం దేనికి? చేను నిలిస్తే చాలనుకుని రోజులు లెక్కపెట్టాను.

ఇంకా ఆరు రోజులుందనగా షావుకారు బస్సు దిగి మా ఇంటికే వచ్చాడు. అంతకు ముందెన్నడూ రాలేదు. ఆదివారమని తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు.

"ఏం డాక్టరప్పా, బాగుండావా? నాకేం దుడ్లు తొందర ల్యా. ఒక్క రూపాయి ఇయ్యి, నోటు వెనకాల రాసుకొని పోతా."

"ఏందిరా అది?" అన్నాను తమ్ముడితో.

"రసీదు మాదిరిలే అన్నా. వేలెయ్యి."

తమ్ముడు రూపాయి ఇచ్చి సంతకం చేశాడు, నేను వేలు వేశాను. వేలిముద్రకు సిరా కూడా షావుకారే తెచ్చుకున్నాడు. అప్పుడైనా అనుమానం రావాలి నాకు. రాలేదు.

సాయంత్రం సాయిబుకు చెబితే సూది పక్కన పెట్టేశాడు. "చెల్లు వేయించుకున్యాడా? నువ్వు ఇచ్చింది రూపాయి గాదు మామా. నోటుకు మల్లా మూడేండ్ల ఆయుస్సు."

మరునాడు పులివెందుల పోయాను. తమ్ముడు దగ్గుమందు కొలుస్తున్నాడు.

"నీకు ఈ సంగతి తెల్సునా?"

"తెల్సు."

"తెల్సి నాతో వేలు ఏపిస్తివా?"

"నోటు ఎగ్గొట్టినాడంటే నా చదువుకు విలువేముంటాది అన్నా? ఆయప్ప ఇంటికొచ్చి డాక్టరప్పా అని పిల్చె."

"ఆ పిలుపుకు చేను రాసిచ్చినావు."

తమ్ముడు సీసాకు చీటీ అంటించాడు.

మరుసటి ఏడు, ఎనభైకి మనిషి దొరుకుతుంటే తొంభై అయిదు దండగని ఆస్పత్రి యజమాని తమ్ముణ్ణి తీసేశాడు. వడ్డీ ఆగింది. షావుకారు కోర్టుకెక్కాడు. వేలం దాకా పోకుండా మేమే చేను అమ్మి కట్టేసి నోటు వెనక్కి తెచ్చుకున్నాం. తమ్ముడు ప్రొద్దుటూరులో ఒక మందులంగడిలో అరవైకి కుదిరాడు. నేను మా చేలోనే కూలికి పత్తి తీశాను.

యాభై దాటాక సాయిబు మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. కూడబలుక్కోవడం వచ్చాక, ట్రంకులోంచి ఆ నోటు తీసి వెనుకవైపు చదివాను. 'ఒక రూపాయి చెల్లు. తక్కిన బాకీ మేమిద్దరమూ ఇచ్చుకోగలవారము.' రసీదు అన్నమాట అందులో ఎక్కడా లేదు. చేను పోయాక, తమ్ముడు బతికుండగా ఇది నీ తప్పని ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తప్పు అతనిదే.