వంకర గిన్నెకు పీట

వడ్రంగం చేసే ఆయన్ని తోటి పనివాళ్ళు మూలమట్టం అని పిలుస్తారు. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో చూసే ఆ పరికరం ఆయన సంచి వదిలి ఉండదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు కుర్చీని ఒకసారి ఊపి చూస్తాడు. పని ఎవరూ నేర్పలేదు. పాత తలుపులు విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు.

భార్య బట్టలు కుట్టేది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషను అయ్యాక ఆమె కుడిచెయ్యి వాస్తుండేది. బరువులు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. ఆయన ఆ మాటను ఇంకాస్త సాగదీసి మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. తల దువ్వాడు, గుండీలు పెట్టాడు, కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశాడు. చికిత్స అయిపోయి, చెయ్యి దారికొచ్చి, ఇక పనులు చేసుకోవచ్చని డాక్టర్లే చెప్పినా ఆ దుప్పటి తియ్యలేదు.

క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళకీ, వాళ్ళని చూసుకునేవాళ్ళకీ ఆస్పత్రి వెనక గదిలో వారానికోసారి మట్టిపని నేర్పుతారని విని ఆమే బయలుదేరింది. ఈ చెయ్యితో మళ్ళీ మిషను ముందు కూర్చోగలనా లేదా అన్నది అక్కడ తేల్చుకోవాలని ఆమె ఉద్దేశం. ఆయన తోడు వెళ్ళాడు.

పొడవాటి బల్ల, బకెట్లో నీళ్ళు, తడిగుడ్డ కింద మట్టి. ఆమె మట్టిని తాళ్ళలా పేని, చుట్టలు చుట్టి గిన్నె కట్టింది. కుడిచేతికి బలం చాలక గిన్నె అటు ఒరిగింది. సాయానికి వచ్చిన మొగుడి చేతిని మోచేత్తో నెట్టేసింది. ఎదురుగా కూర్చున్న రిటైరైన బస్సు డ్రైవరు, ఆయనా జబ్బుపడి లేచినవాడే, అది చూసి నవ్వాడు.

"మా ఆవిడ ఇంకా ఘనం, మేస్త్రీ. నాకు ఆవలింతొస్తే తనే నోరు తెరుస్తుంది."

గిన్నెలు ఆరడానికి అలమరలో పెట్టారు. కాల్చేది పై వారం. అలమర తలుపు సరిగ్గా పడటం లేదని మట్టిపని నేర్పే టీచరమ్మ చెబితే, మధ్యలో ఒకరోజు ఆయన బాగుచేయడానికి వెళ్ళాడు. తలుపు పని ఇట్టే అయిపోయింది. కళ్ళెదుట ఒరిగిన గిన్నె, జేబులో గరుకు కాగితం. చెయ్యి ఊరుకోలేదు. అడుగూ అంచూ అరగదీసి, గోడలు నునుపు చేసి, మట్టం పెట్టి చూసుకుని తృప్తిగా ఇంటికొచ్చాడు.

వారం తిరిగాక ఆమె అలమర ముందు నిలబడి చాలాసేపు వెతికింది. తన గిన్నె కనబడటం లేదని టీచరమ్మతో చెప్పింది.

"ఇదేగా," అని ఆయన చూపించాడు.

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. బకెట్ దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేసింది. కాల్చని మట్టి కదా, బుడగలు వదులుతూ కరిగి అడుక్కి చేరింది.

"అది మీ గిన్నె," అంది మెల్లగా. "పడుకున్నన్నాళ్ళూ అన్నీ మీతోనే చేయించుకున్నాను. కాదనను. ఇప్పుడూ మీరే చేస్తే, నేను లేచినట్టెలా అండీ?"

ఆమె మరో గిన్నె కడుతున్నంతసేపూ ఆయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అదీ ఒరిగింది. కానీ గోడ పల్చగా, గట్టిగా నిలిచింది.

కాలిన గిన్నె ఇంటికొచ్చింది. ఆమె అందులో గుండీలు పోసి బల్ల మీద పెట్టింది. బల్ల కదిలితే చాలు, గిన్నె ఊగి గుండీలు గలగలమనేవి. ఆయన ఓర్చుకున్నంత ఓర్చుకున్నాడు. ఒకరోజు గిన్నెను తాకకుండా, పక్కన వంగి పుల్లతో కొలతలు తీసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో చిన్న పీట ఉంది. పైన తొలిచిన గుంట ఒక పక్క లోతు, ఒక పక్క మెరక. గిన్నె ఎంత ఒరిగి ఉందో అంతే ఒరిగి అందులో కూర్చుంది. మళ్ళీ కదల్లేదు.

"మూలమట్టం గారు వంకర పని చేశారే," అంది ఆమె.

"నీ వంకర దొరకబుచ్చుకునేసరికి మూడు చెక్కలు పాడయ్యాయి."

ఆమె నవ్వుతూ వెళ్ళి మిషను మీది దుప్పటి లాగేసింది. దాన్ని కిటికీ దగ్గరికి జరపమంది, బరువు కాబట్టి అది ఆయన పనేనంది. ఆయన జరిపాడు. ఆమె కూర్చుని సూదిలోకి దారం ఎక్కించబోయింది. తప్పింది. తడిచేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తప్పింది.

ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాడు.