రామేశ్వరం ఫోటోలో నేనెందుకు లేనంటే...

మా చిన్నప్పుడు... రామేశ్వరం పోయే రైలు సముద్రం మీది వంతెన ఎక్కగానే మా జేజి కళ్ళు గట్టిగా మూసుకుంది. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. "నీళ్ళు అయిపోయినంక చెప్పండి. అంతవరకూ నేను కండ్లు తెరిసేది లేదు" అంది. అమ్మ మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని రెప్ప వేయకుండా చూస్తోంది. నాలుగేళ్ళ తమ్ముడు ఓబులేసు ఆమె ఒడిలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు...

ఇది గుర్తుపెట్టుకోండి. వాడు నిద్రపోతున్నాడు. నేను మేలుకొని ఉన్నాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు భార్గవి ఫోనులో టైపు చేస్తోంది. "అవ్వా, రోంత నిదానంగా చెప్పు" అంటోంది. నిదానం నావల్ల కాదు.

పోయిన వారం ఓబులేసు నంద్యాలలో కొత్త ఇంట్లో చేరాడు. రామేశ్వరం ఫోటోను తలుపంత పెద్దది చేయించి హాల్లో తగిలించాడు. వెనక సముద్రం... ముందు నాయన, జేజి, అమ్మ, అమ్మ చంకలో వాడు. నేను లేను. "ఆ పొద్దు నేను పక్కన మూట కాడ నిలబడుకోనుంటి" అన్నాను, వచ్చినవాళ్ళతో.

వాడు అందరి ముందూ నవ్వాడు. "నువ్వు యాడొచ్చినావక్కా? నిన్ను ఆళ్ళగడ్డలో పెద్దమ్మ కాడ ఇడ్సిపెట్టి పోయినారు గదా! వచ్చింటే ఫోటోలో యాడుండావో సూపీ మల్ల."

అందరూ నవ్వారు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

సరే... నేను పోకుంటే ఇవన్నీ నాకెట్లా తెలుసో మీరే చెప్పండి.

మా నాయన ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఒక పెద్ద విగ్రహం పని పూర్తయ్యాక, మొక్కుందని అమ్మ పట్టుబట్టి అందరినీ బయల్దేరదీసింది. పెద్దవాళ్ళకది తీర్థయాత్ర... నాకు మాత్రం సెలవు. బడికి పోని పిల్లకు సెలవేందీ అంటారేమో. పేడ ఎత్తే పని లేదు, నీళ్ళు మోసే పని లేదు. అదే సెలవు.

ఒడ్డున కూర్చుని జొన్నరొట్టెలు తిన్నాం. ఇంటి నుంచి కట్టుకుపోయినవి, విరిస్తే పెళపెళమనేవి. చెనిక్కాయల పొడి అద్దుకుని నమిలితే పళ్ళ కింద ఇసుక. అమ్మ దోసెడు సముద్రపు నీళ్ళు నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది. "అబ్బ! ఎవురమ్మా ఇంతుప్పు ఏసింది?" అంటూ...

నాయన తడి ఇసుకతో లింగం చేశాడు. ఉలి లేదు, సుత్తి లేదు. పానవట్టం అంచు గోటితో తీర్చాడు. అంతలో ఒక చిన్న అల వచ్చి మొత్తం నాకేసింది.

"ఏమప్పా శిల్పీ, నీ పని ఒక్క గడియన్నా నిలబడకపాయె!" అంది అమ్మ.

మొగుణ్ణి పట్టుకుని అంత మాట! అదీ అత్త పక్కనుండగా. నాయన కోప్పడలేదు, ఇసుక చేతులు దులుపుకుంటూ నవ్వాడు. ఇంటి దగ్గర అమ్మ తలెత్తి మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు...

అప్పుడొచ్చాడు ఫోటో తీసేవాడు, మూడుకాళ్ళ కెమెరా భుజాన వేసుకుని. మా తడి గుడ్డలు, మిగిలిన రొట్టెలు ఒక మూటలో ఉన్నాయి, పక్కన ఇత్తడి చెంబు.

"ఊరు గాని ఊరు, దొంగనాయాళ్ళుంటారు. పాపా, నువ్వు మూట కాడ నిలబడు" అంది జేజి.

"దాన్ని గూడా రానీ అత్తా. ఒక్క రవ్వ సేపే గదా" అంది అమ్మ.

"దానికి ఇంకోటి తీపిద్దాం లేమ్మా."

ఆ ఇంకోటి తీయలేదు...

నేను కెమెరా పక్కనే మూట దగ్గర నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడిస్తే జేజి తిడుతుంది. అందుకని మూట నెత్తికెత్తుకుని, చెంబు చంకలో ఇరికించుకుని, లేని మీసం తిప్పుతూ, అచ్చం నాయన నిలబడినట్టే బిగుసుకుని నిలబడ్డాను. అమ్మ చూసింది. నవ్వు ఆపుకోలేక పెదాలు బిగబట్టింది. కెమెరావాడు ఇటు చూడమని అరవంలో అరుస్తూనే ఉన్నాడు. అమ్మ చూడలేదు.

ఇప్పుడు ఓబులేసు మనవళ్ళు ఆ ఫోటో చూసి ఏమంటారో తెలుసా? పాపం, ఆమెకు కెమెరా అంటే భయం, మూతి బిగించుకుని దిక్కులు చూస్తోంది అంటారు.

అది నవ్వయ్యా... ఆపుకున్న నవ్వు.

మరుసటి ఏడు కానుపులో అమ్మ పోయింది. బిడ్డా దక్కలేదు. అమ్మది ఇంకో ఫోటో లేదు. జేజి, నాయన ఎప్పుడో పోయారు. నేను అక్కడున్నానని చెప్పేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. అమ్మ అట్లా నవ్విన రోజు నాకు తెలిసి అదొక్కటే... దాన్ని కూడా వాడు లాక్కుంటే నాకింకేం మిగులుతుంది?

నిన్న ఫోన్ చేశాను.

"ఒరే ఓబులేసూ, ఆ ఫోటోలో అమ్మ యాడ సూస్తాంది రా?"

"యాడనేముంది? సముద్రం దిక్కు సూస్తాంది."

"సముద్రం ఆమె ఈపెనకాల ఉంది గదరా."

  "ఏమోలేక్కా... ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు ఇదంతా" అని పెట్టేశాడు.

అవునక్కా, నువ్వుంటివి... అని ఒక్క మాట అనలేదు.

మొన్న భార్గవి వాళ్ళు అండమాన్ పోయొచ్చారు. అదీ దీవే, అదీ ఇసుకే. ఫోనును కర్రకు తగిలించి అందరూ ఒకే ఫోటోలో పడ్డారు. మూట కాడ ఎవరినీ నిలబెట్టలేదు. సంతోషం. కానీ ఎన్ని ఫోటోలు చూసినా అందరి కళ్ళూ ఫోను మీదే... పక్కనున్న మనిషిని చూసి నవ్వు ఆపుకున్న మొహం ఒక్కటీ కనబడలేదు నాకు.

మీ ఇళ్ళలో పాత ఫోటోలుంటే గోడ మీద నుంచి దించండి. అందులో ఎవరైనా పక్కకు చూస్తుంటే, అక్కడ ఎవరున్నారో పెద్దవాళ్ళు బతికుండగానే అడగండి. అడిగి దీని కిందే రాయండి... భార్గవి నాకు చదివి వినిపిస్తుంది.

ఓబులేసూ, ఫోటో నీ గోడ మీదే ఉండనీ, నేనడగను. అమ్మ చూపు మాత్రం నాది...