గుర్రానికి ఉలవలు, బావకి ఉలవచారు

కళింగపట్నం బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే మా గుర్రానికి కడుపులో పుండ్లు. ఉలవలు మానేసి, రోజంతా గడ్డి అందుబాటులో ఉంచమన్నాడు పశువుల డాక్టరు. ఇసుకలో తిరిగేదే కదా అని దానికి నాడాలు వేయించలేదు. "నాడాల్లేని కాళ్లకి ఉలవలే బలం" అంటూ మా బావ నిన్న నాకు తెలియకుండా బకెట్టెడు ఉలవలు పెట్టేశాడు. పొద్దున్నకి గుర్రం నొప్పితో నేలమీద పొర్లుతోంది. డాక్టరు వచ్చి సూది వేశాక గాని తగ్గలేదు.

బావకీ అల్సరే. మధ్యాహ్నం భోజనానికి పిలిచి, మిరపకాయలు దట్టించిన ఉలవచారు ఒక్కటే వడ్డించాను.

"నా కడుపు సంగతి తెలిసీ ఇదేటి బావా?" అన్నాడు.

"కాళ్లకి బలం వస్తాది, తిను. నువ్వూ సెప్పుల్లేకుండానే తిరుగుతావు గదా."

సాయంత్రం గుర్రం గడ్డి ముట్టాకే అతనికి మజ్జిగన్నం పెట్టాను. నాది తప్పనేవాళ్లుంటే రండి, చారు ఇంకా మిగిలే ఉంది.