రాట్నం కింద పెంకు ముక్క

పెళ్ళయి పెడన వచ్చిన మూడో నెలలోనే నన్ను పుట్టింటికి సాగనంపడానికి మా అత్తగారు రోజు ఖాయం చేసేశారు. నేనేం దొంగతనం చెయ్యలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. నేను చుట్టిన కండెలు తెగుతున్నాయి, అదీ నేరం. మగ్గం ఉన్న ఇంట్లో ఆడవాళ్ళు రాట్నం తిప్పి నూలును చిన్న పుల్లలకు కండెలుగా చుడతారు. మగవాళ్ళు వాటిని మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి నేస్తారు. కండె వదులుగా వస్తే నూలు తెగుతుంది, మగ్గం ఆగుతుంది. ఆగినప్పుడల్లా మగ్గం గుంటలోంచి మా ఆయన, "మళ్ళీనా?" అనేవారు. రోజంతా ఆ 'మళ్ళీనా' వినీ వినీ, కలలో కూడా అదే వినపడేది.

"బందరు పిల్ల, బట్టల కొట్లో పెరిగింది. పనివాటం ఎక్కణ్ణించొస్తుంది?" అన్నారు అత్తగారు. "ఆదివారం వాళ్ళ నాన్నకి కబురు పెడదాం. పని నేర్చుకున్నాకే రమ్మందాం."

మా పుట్టింట్లో అసలు రాట్నమే లేదు! అంటే ఇక రావద్దనేగా? మా ఆయనంటే అప్పటికే నాకు చచ్చేంత ఇష్టం, ఆ 'మళ్ళీనా'తో సహా.

శుక్రవారం పొద్దున పక్కింటి వదిన, "చంటాడు ఏడుస్తున్నాడమ్మా, ఈ నాలుగు కండెలూ చుట్టిపెడుదూ" అని పిలిచింది. వాళ్ళ రాట్నం మీద చుట్టాను. బిగువుగా, నున్నగా, జొన్న కంకుల్లా వచ్చాయి! నోరు తెరుచుకుని చూశాను. చేతిలో ఉన్న దోషం గోడ దాటగానే పోతుందా?

పరుగున ఇంటికొచ్చి మా రాట్నం ముందు బోర్లా పడుకున్నాను. మా వీధికి కరెంటు రాని రోజులు, వెలుతురు కోసం దాన్నెప్పుడూ కిటికీ దగ్గరే పెట్టేవారు. అక్కడ మట్టి నేల అరిగి, ఒక కాలి కింద చిన్న గుంట పడింది. తిప్పినప్పుడల్లా రాట్నం కునికిపాట్లు పడుతోంది. నీ దుంప తెగ! పెరట్లోంచి పెంకు ముక్క తెచ్చి కాలి కింద దోపాను.

ఆ పూట మగ్గం ఆగలేదు. భోజనానికి పిలిస్తేగాని మా ఆయన గుంటలోంచి లేవలేదు. "ఇవాళ కండెలెవరు చుట్టారు?" అన్నారు.

"నేనేనండీ!" అంటూ ఒక్క గెంతు గెంతాను. కొత్త కోడలు గెంతకూడదని తర్వాత గుర్తొచ్చింది.

ఇక నాకు పూనకం వచ్చేసింది. బావి గిలకకి ఆముదం పోశాను. వచ్చేపోయేవాళ్ళ చీరలు పట్టుకు లాగే దొడ్డి తలుపు మేకుని రాయి పెట్టి లోపలికి కొట్టేశాను. మావయ్యగారి కుక్కిమంచానికి నులక బిగిస్తే ఆయన కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, "ఇది మన మంచమేనా?" అన్నారు. రోజూ పీటెక్కి అందుకునే ఉప్పు జాడీని పొయ్యి పక్కకి దించాను. సాయంత్రానికి ఇంట్లో ఎవరూ ఎవర్నీ కసరడం లేదు. ఆ నిశ్శబ్దానికి నాకే భయమేసింది. ఇంకేం దొరక్క పక్కింటివాళ్ళ తడిక తలుపు మీద పడ్డాను.

శనివారం మధ్యాహ్నం అత్తగారు రాట్నం ముందు కూర్చున్నారు. రెండు కండెలు చుట్టి, మూడోది చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం చేశావే దీన్ని?" అన్నారు. పెంకు ముక్క చూపించి, మెచ్చుకుంటారని పళ్ళికిలిస్తూ నిలబడ్డాను.

ఆవిడ ముక్క లాగేసి రాట్నం తిప్పారు. ఊగింది. దోపి తిప్పారు. ఊగలేదు. మళ్ళీ లాగారు, మళ్ళీ దోపారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ మొహం చూశాక ఆగింది.

"నా పెళ్ళయిన కొత్తలో ఈ రాట్నం మీదే నా కండెలూ తెగుతున్నాయని మా అత్త నన్ను పుట్టింటికి తోలేసిందే. ఏడాది అక్కడే ఉన్నాను. నా చేతులే మంచివి కావనుకున్నాను, ఇన్నేళ్ళూ."

కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా గొంతు పెంచారు. "నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు గానీ, ముందు మీ మావయ్యని పిలు. ఆయన ఇది చూడాలి!"