ఆరో నంబరు మంచం మీది చుక్క

వనపర్తిలో నేను నర్సుగా పనిచేసిన ప్రైవేటు దవాఖానలో ముప్పై మంచాలు, రెండు వీల్‌చైర్లు, ఒక ఈసీజీ మిషను ఉండేవి. అంత చిన్న చోట ఒక వస్తువు పోవాలంటే ఎవరో పనిగట్టుకుని దాచాలి. అయినా మా పెద్ద డాక్టరుకు హైదరాబాదులో ఒక కంపెనీవాళ్లు తగిలి, సామాన్లకూ పేషెంట్లకూ రేడియో ట్యాగులు కట్టకపోతే దవాఖానే కాదని నూరిపోశారు. రెండు వేల ఎనిమిదో తొమ్మిదో అయివుంటుంది.

కంపెనీ మనిషి మే నెల ఎండలో టై కట్టుకుని వచ్చాడు. రెండు రోజులు తలుపుల పైన తెల్లడబ్బాలు బిగించాడు. వీల్‌చైర్లకు, సిలిండర్లకు, చివరికి బెడ్‌పాన్లకు కూడా అగ్గిపెట్టెంత ట్యాగులు అంటించాడు. పేషెంట్ల చేతులకు రబ్బరు పట్టీలు వేశాం. ట్యాగు ఉన్న మనిషి తలుపు దాటితే పైనున్న డబ్బా పసిగడుతుంది. నా బల్ల మీది కంప్యూటర్‌లో ఆ మనిషికి గుర్తుగా ఉన్న చుక్క ఈ గదిలోంచి ఆ గదిలోకి జరుగుతుంది. మనిషి వార్డులో ఉన్నంతసేపు చుక్క ఆ మనిషి మంచం నంబరు మీదే నిలబడుతుంది. ఆ మొత్తం వైభవం ఇంతే.

"ఇగ గంటకోసారి రౌండ్లు బంద్. కూసొని స్క్రీన్ చూడండి, చాలు" అన్నాడు డాక్టరు. ఊళ్లో పెద్దమనుషులు ఎవరినైనా పరామర్శించడానికి వస్తే, ముందు నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి చుక్కలు చూపించేవాడు. పేషెంటు సంగతి ఆ తర్వాత. ఆయన ఒకరి నాడి పట్టుకోగా చూసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. అయితే రౌండ్లు ఆగాక నా కాళ్లకూ సుఖంగానే ఉండేది. ఆ మాట దాచను.

గోపాల్‌పేట వైపు నుంచి ఒక రైతు తన భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు షుగరు, కాలి మీద పుండు. ఆరో నంబరు మంచం ఇచ్చాం. ఒక మధ్యాహ్నం నేను ఆమెకు ఇన్సులిన్ ఇచ్చి వచ్చి కూర్చున్నాను. ఆయన బువ్వ తేవడానికి బజారుకు పోయాడు. కాసేపటికి కరెంటు పోయింది. నా కంప్యూటర్‌కు బ్యాటరీ ఉండేది కాబట్టి చుక్కలు చక్కగా వెలుగుతూనే ఉన్నాయి.

ఆయన తిరిగొచ్చి వార్డులోకి పోయి, అటునుంచి నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, మా ఆడామె మంచం మీద లేదు."

నేను తల తిప్పి చూసింది వార్డు వైపు కాదు, స్క్రీన్ వైపు. "ఉంది కదా పెద్దయ్యా, ఆరో నంబర్లనే ఉంది" అన్నాను.

"నేను సూసే వచ్చిన. లేదు."

"బాత్రూంల సూడు జర."

"గాడ గూడ సూసిన."

గొంతులు విని డాక్టరు బయటికి వచ్చాడు. ఆయన కూడా వార్డులోకి పోలేదు. స్క్రీన్ మీద వేలు పెట్టి, చదువు రాని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు: "ఇగో, ఇదే నీ భార్య. ఎక్కడికీ పోలే."

ఆ రైతు వంగి చూశాడు. "అది సుక్క సారూ. నా పెండ్లాం యాడుంది?"

ఆ గొంతు విన్నాకే నా కాళ్లు లేచాయి. లేచి పరుగెత్తేలోపు మేడమెట్ల మీది నుంచి కేక వినిపించింది. మా దగ్గర తుడిచే ముసలామె, మేమంతా పిన్ని వరస కలిపి ఖాలా అని పిలిచేవాళ్లం, మెట్ల మలుపులో నిలబడి "బేటా, జల్ది రా! ఈమె పడిపోయింది!" అని అరుస్తోంది. ఫ్యాను ఆగి ఉక్క భరించలేక, గాలి కోసం మేడ మీదికి పోబోయి ఆ మలుపులోనే కూలిపోయింది మా పేషెంటు. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకడం లేదు. ఇన్సులిన్ పడింది, కడుపులో మెతుకు లేదు, షుగరు దిగిపోయింది. రౌండుకు పోయుంటే "తిన్నవా అమ్మా" అని అడిగేదాన్ని. తలుపుల మీది డబ్బాలు కరెంటుతో పాటే చచ్చాయని అప్పుడు తెలిసింది. కంప్యూటరు మాత్రం ఆఖరుసారి చూసిన చోటే ఆమెను పడుకోబెట్టి ఉంచింది.

ఖాలా, ఆ రైతు దుప్పటిలో ఆమెను మోసుకొచ్చారు. నేను నరానికి గ్లూకోజు ఎక్కించాను. కాసేపటికి కళ్లు తెరిచి, మమ్మల్నందరినీ చూసి, "ఏమైంది, గిట్ల గుమిగూడిండ్రు?" అంది. ఆ రైతు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మర్నాడు పొద్దున్నే చేతి పట్టీ కోయించి, ఆమెను సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు విచారణ చేశాడు. మెట్ల తలుపు తెరిచి ఉంచినందుకు తప్పు ఖాలాదని తేల్చాడు. ఆమెకు తెలుగు చదవడం రాదు. డాక్టరు ఇచ్చిన మెమో కాగితం నా చేతిలో పెట్టి "ఏం రాసిన్రు బేటా?" అని అడిగింది. "ఇగనుంచి తలుపు పెట్టుమని రాసిన్రు" అన్నాను. అందులో అజాగ్రత్త అనీ, ఇంకోసారి జరిగితే తీసేస్తామనీ ఉంది. ఆమె వేలిముద్ర వేసింది. కింద సాక్షిగా నేను సంతకం చేశాను. ఆ డాక్టరు మీద నాకున్న చీదర కంటే ఆ సంతకం మీద ఉన్నదే ఎక్కువ.

పదిహేను రోజులకు గద్వాల నుంచి ఇద్దరు డాక్టర్లు మా చుక్కలు చూడడానికి వచ్చారు. మావాడు పొంగిపోతూ, తప్పిపోయిన ఒక పేషెంటును ఈ మిషనే నిమిషాల్లో పట్టిచ్చిందని చెప్పాడు. వాళ్లలో ఒకరు "కరెంటు పోతే?" అని అడిగారు.

"బ్యాటరీ ఉంది."

"కంప్యూటర్‌కే ఉంది సార్, తలుపుల మీది డబ్బాలకు లేదు" అన్నాను నేను. "ఆమెను పట్టిచ్చింది మిషను గాదు, మా ఖాలా. ఆమెకే మెమో ఇచ్చినం."

మా డాక్టరు నవ్వి, "నర్సులకు టెక్నాలజీ తెల్వదు" అన్నాడు. వచ్చినవాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు. ఆ నెలలోనే నన్ను పొమ్మన్నారు. వెళ్లేరోజు ఖాలా తన మెమో సంగతి నా నోటనే పూర్తిగా విని, "అప్పుడే చెప్తే ముద్ర ఏయకపోతుంటి గద బేటా" అంది. కోపంగా కాదు. చీపురు పట్టుకుని వార్డులోకి పోయింది. నేను నాగర్‌కర్నూల్లో వేరే దవాఖానలో చేరాను. అక్కడ గంటకోసారి నడిచి ప్రతి మంచం చూడాలి. రాత్రికి మడమలు లాగేవి.